రెండో సూది

మా ఆయన మిరప రైతు. అంతటితో సగం సంగతి అర్థమైపోవాలి. మిగతా సగం నా అరుపులు. చండ్రుగొండ దగ్గర ఒక ఊళ్ళో పంతులమ్మను నేను. తరగతి నిండా ఉన్న పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెడతాను గానీ, ఈ ఒక్క మనిషి చేత డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేయించడం నా వల్ల కాలేదు.

ఆయనకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలతో మొదలై ఇన్సులిన్ దాకా వచ్చింది. పొద్దునా రాత్రీ తిండికి ముందు పొట్ట మీద సూది వేసుకుంటాడు. ఈ సంగతి ఇంటి గడప దాటకూడదని ఆయన ఆజ్ఞ. ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో పచ్చడి జాడీల వెనక ఉంటాయి. చుట్టాలు వచ్చి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరవబోతే, ఎక్కడున్నవాడు అక్కడి నుంచి పరుగెత్తుకొస్తాడు, వాళ్ళ మీద అంత మర్యాద ఉన్నట్టు.

ఆ దాపరికానికి ఒక కారణం లేకపోలేదు. మాత్రలు మింగేవాడికి షుగర్ ఉన్నట్టు, సూది వేసుకునేవాడు అయిపోయినట్టు అని మా వైపు లెక్క. ఆయన అన్నకు సూది మొదలైందని తెలియగానే ఊరు ఊరంతా పరామర్శకు వచ్చింది. ఆ మనిషి లోపల కూర్చుని శుభ్రంగా టీ తాగుతుంటే, వాకిట్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ఆ తరువాత ఆయన్ని తగాదాలకు పెద్దమనిషిగా పిలవడం మానేశారు. విత్తనం ఏది పెట్టాలని అడగడమూ మానేశారు. బతికున్న మనిషిని లెక్కలోంచి తీసేశారు. మా ఆయన పక్కనే ఉండి అదంతా చూశాడు. నేనూ చూశాను. అందుకే మొదట్లో ఏమీ అనలేదు.

ఇన్సులిన్ పెంచుతూ పోతే ఒళ్ళు పెరుగుతోంది, ఒళ్ళు పెరిగితే ఇన్సులిన్ చాలడం లేదు. ఈ తిరకాసు తెగక ఖమ్మంలో ఆయన్ని చూసే డాక్టరమ్మ వారానికి ఒకసారి వేసుకునే ఇంకో సూది రాసింది. ఇది ఇన్సులిన్ కాదని, ఇన్సులిన్‌కు బదులుగా వాడేదీ కాదని, రెండూ వేరువేరుగా నడుస్తాయని నిదానంగా చెప్పింది. ఆకలి తగ్గుతుంది, తిన్నది పొట్టలోంచి మెల్లగా కిందికి దిగుతుంది, కాబట్టి ఇన్సులిన్ ఈ రోజు నుంచే తగ్గించాలంది. ఎంత తగ్గించాలో చీటీ మీద రాసింది. రెండూ ఒక సిరంజిలో కలపొద్దు, ఒకే చోట గుచ్చొద్దు. తినబోయే ముందు మీటర్‌లో చూసుకోవాలి. వాంతులై తిండి పోకపోతే ఫోన్ చేయాలి, కడుపులో విపరీతమైన నొప్పి వస్తే ఆగకుండా ఆస్పత్రికి రావాలి.

మా ఆయన వినయంగా తలూపాడు. ఆ తలూపుడు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పురుగుమందుల కొట్టాయన దగ్గర ఆయన ఎప్పుడూ అలా తలూపడు. అడిగిందే అడిగి, సీసా తిప్పి చూసి, పక్క రైతును విచారించి, గంట వాదిస్తాడు. ఆయన నిజంగా వినేది అక్కడే.

రెండో వారమే దొరికిపోయాడు. ఆదివారం పొద్దున పెరటి అరుగు మీద మూడు సీసాలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్సులిన్‌లో ఆయనకు రెండు రకాలున్నాయి, ఒకటి నీళ్ళలా తేటగా, ఇంకోటి పల్చటి మజ్జిగలా తెల్లగా. ఆ రెంటినీ ఒకే సిరంజిలోకి ఎలా తీసుకోవాలో ఎప్పుడో ఒక నర్సమ్మ నేర్పింది. ముందు తేట మందు, తరువాత తెల్ల మందు. ఆ పని ఆయన ఏనాడూ తప్పు చేయలేదు. ఆ రోజు ఆ రెండూ తీసి, అదే సూదిని మూడో సీసాలోకి గుచ్చుతున్నాడు.

“ఏం చేస్తున్నవయ్యా?”

“కండ్లు కనపడ్తలేవా? కలుపుతున్న.”

“కలపొద్దని డాక్టరమ్మ చెప్పింది గదా!”

“రెండు కలపమని నర్సమ్మనే నేర్పింది. మూడోది కలిపితే ఏమైతది? ఊకె రెండుసార్లు పొడుచుకునుడెందుకు?”

“అవి రెండూ ఇన్సులినే. ఇది వేరే మందు.”

“తామర పురుగు మందు వేరే, తెగులు మందు వేరే, పూత మందు వేరే. అన్నీ ఒక్క డ్రమ్ముల పోసి కొడ్తలేనా? విడివిడిగ కొట్టుకుంట కూసుంటే చేను సుట్టు తిరుగుడుకే పొద్దు గూకుతది. తోట ఏమన్న మాడిందా?”

“మాడింది. పోయినేడు కింది మడి మాడలేదా?”

“అది ఎండకు మాడింది.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సిరంజి లాక్కుని డాక్టరమ్మకు ఫోన్ చేశాను. సిరంజిలో ఉన్నదీ, గుచ్చిన సీసా కూడా పారేయమంది. పురుగు తోటంతా తినేసినా అంత బాధపడడు, ఆ సీసా పారేస్తుంటే బాధపడ్డాడు. ఆ రోజు నుంచి ఇన్సులిన్ పొట్టకు, ఆదివారం సూది తొడకు అని నేను దగ్గర నిలబడి చేయించాను. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ప్రతి ఆదివారం అడిగేదాన్ని. ఆయన విసుక్కునేవాడు. నేను అంతకన్నా ఎక్కువ విసుక్కునేదాన్ని.

మందు పని చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ప్యాంట్లు వదులయ్యాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. అన్నం మాత్రం నాలుగు ముద్దలకే చాలనేవాడు, కొన్ని రోజులు కంచం చూస్తేనే ఎలపరంగా, వాంతొచ్చేట్టు ఉందనేవాడు. కొద్దికొద్దిగా తినమని, నూనె కూరలు వద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆయన పొట్ట తడుముకుని సంబరపడటం చూసి నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నాళ్ళకు ఒక పని దారిన పడిందనుకున్నాను.

అంతలో తల్లాడలో చుట్టాల ఇంట్లో పెళ్ళి జరిగింది. అక్కడ ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, మర్నాడు పొద్దున మీటర్‌లో అంకె ఎక్కువ చూపించింది. పురుగు మళ్ళీ కనపడితే డోసు పెంచాలి, ఇది ఆయనకు తెలిసిన శాస్త్రం. నాతో అనలేదు, డాక్టరమ్మకు ఫోన్ చేయలేదు. ఇన్సులిన్‌ను పాత లెక్కకు పెంచేసి, అంకె దిగిన తరువాత కూడా అలాగే వేసుకుంటూ పోయాడు. తిండి చూస్తే పాత తిండిలో సగం కూడా లేదు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ముందే తెలిస్తే మా ఇంట్లో ఏం జరిగేదో నాకే తెలియదు.

కాయ కోత మొదలైంది. కోతకు అడవి వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ట్రాలీ ఆటోలో వస్తారు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో. వాళ్ళందర్నీ కూడేసి తెచ్చే మేస్త్రి కూడా ఆడమనిషే. గట్టి గొంతు, గట్టి చెయ్యి. ఆ రోజు పై మడిలో కోత నడుస్తోంది. కింది మడిలో మందు కొట్టాల్సిన మనిషి రాకపోతే, మా ఆయనే తైవాన్ పంపు వీపుకు తగిలించుకున్నాడు. పొద్దున ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని, చేను దగ్గర తింటానని గిన్నె పట్టుకుపోయాడు. అక్కడ ఎలపరంగా ఉందని గిన్నె మూత కూడా తీయలేదు.

నేను బడిలో ఉండగా మేస్త్రి ఫోన్ చేసింది.

“టీచరమ్మా, అన్నకు మందెక్కింది. గాలికి ఎదురు కొట్టిండు, మూతికి గుడ్డ గూడ కట్టలే. జల్దీ రా.”

మిరప చేలల్లో పురుగుమందు ఎక్కి పడిపోవడం మా వైపు కొత్త కాదు. ఒళ్ళంతా చెమట, వణుకు, మాట తడబడటం, పిచ్చి చూపులు. ఆయనకూ సరిగ్గా అవే ఉన్నాయి. అందుకని వాళ్ళు ఎప్పుడూ చేసేదే చేశారు. నీడకు మోసుకుపోయారు. మందు తడిసిన బట్టలు ఊడదీశారు. తల నుంచి కాళ్ళ దాకా సబ్బు పెట్టి తోమి నీళ్ళు పోశారు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించారు. కొట్టిన మందు సీసా ఆస్పత్రిలో చూపించడానికి కొంగున కట్టుకున్నారు. సొంత అన్నదమ్ముడికి చేసినట్టు చేశారు. ఆయనకు కావాల్సింది మాత్రం అందులో ఒక్కటీ లేదు.

ఫోన్‌లో ఆమె మాటలు వింటుంటే ఆయన పట్టుకుపోయిన గిన్నె గుర్తొచ్చింది. పొద్దున సూది వేసుకోవడం నేను చూశాను.

“తిన్నడా? గిన్నె తెరిచిండా?”

“ఏడ తిన్నడు, గిన్నె గట్లనే ఉన్నది.”

“మాట్లాడుతుండా? మింగుతుండా?”

“మింగుతుండు, మాట్లాడుతుండు గని అంత తిక్కతిక్కగున్నది. నన్ను పట్టుకొని ఎద్దుకు మేత వెయ్యమంటుండు.”

మా ఇంట్లో ఎద్దులు లేక ఎన్నో ఏళ్ళయింది.

“మీకు పంపిన టీ ఫ్లాస్కు ఉన్నది గదా? జల్దీ తాపు. చక్కెర టీ, మొత్తం తాపు.”

“టీ నా? మందెక్కినోనికి పాలు, టీ ఏం తాపొద్దు టీచరమ్మా. విషం ఇంక జల్దీ ఎక్కుతది.”

“మందు కాదమ్మా, షుగర్ పడిపోయింది!”

“అన్నకు షుగర్ ఏడిది? ఎన్నడు చెప్పలే గదా?”

“ఉన్నది! ఇన్సులిన్ ఏసుకుంటడు! నా మాట ఇను, టీ తాపు!”

అరిచాను. పక్క గదిలో పాఠం ఆగిపోయింది. ఇన్నేళ్ళు దాచిన మాట బడి మొత్తం విన్నది, వినాల్సిన ఒక్క మనిషి నమ్మలేదు. “కంగారు పడకు టీచరమ్మా, ఆటో వచ్చింది, తీస్కపోతున్నం” అని ఫోన్ పెట్టేసింది. చక్కెర టీ నిండుగా ఉన్న ఫ్లాస్కు చేని గెట్టు మీదే ఉండిపోయింది. ఆయన్ని పడుకోబెట్టిన చోటుకు చెయ్యి చాపితే అందేంత దూరంలో.

తోటి మాస్టారి బండి మీద నేను ఆస్పత్రికి చేరేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అప్పటికే నర్సు ఆయన వేలు గుచ్చి చూసింది. తెలివి తప్పి ఎవరొచ్చినా ముందు షుగర్ చూస్తారట. మీటర్‌లో అంకె చూసి పురుగుమందు సీసా పక్కన పెట్టి, నరానికి గ్లూకోజ్ ఎక్కించారు. నేను మంచం పక్కనే నిలబడి ఆయన ముఖమే చూస్తున్నాను. చెవుల వెనక ఇంకా సబ్బు నురగ ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, పైకప్పు చూశాడు.

“డ్రమ్ముల మందు కలిపి పెట్టిన. సాయంత్రానికి పాడైతది.”

బతికాడని ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే చెంప పగలగొట్టాలనిపించింది. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడి ఉంది, చీర మోకాళ్ళ దాకా తడిసి.

“ముందుగాల్నే ఒక్క మాట చెప్పొద్దా టీచరమ్మా? ఉప్పునీళ్ళు తాపి చంపేటోల్లం గదా!” అంది.

ఆమె నన్ను అడగడం నాకు ఒళ్ళు మండించింది. అడగాల్సిన మనిషి మంచం మీద డ్రమ్ము గురించి దిగులుపడుతున్నాడు. ఆ దిగులు మధ్యలోనే, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమె దగ్గర తాను మాట తీసుకున్నాడు, బడివాళ్ళ దగ్గర నా చేత తీయించాడు.

ఆ వారమే ఖమ్మం తీసుకుపోయాను. డోసు పెంచిన సంగతి అక్కడ బయటపడింది. డాక్టరమ్మ కోప్పడలేదు, నాకు అదీ చిరాకే. వారం సూది ఒక్కటే వాడేవాళ్ళకు ఇలా పడిపోవడం అరుదని, పక్కన ఇన్సులిన్ పాత మోతాదులో ఉండి తిండి సగమైతే ఇదే జరుగుతుందని చెప్పింది. ఇన్సులిన్ మళ్ళీ తగ్గించి రాసింది. అంకె ఎక్కువొస్తే ఫోన్ చెయ్యాలి, సొంతంగా పెంచకూడదు. తినలేని రోజు ఎంత వేసుకోవాలో అడగాలి, సొంతంగా మానేయనూ కూడదు. వణుకు, చెమట మొదలైతే వెంటనే గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి. పొట్ట మెల్లగా కదులుతోంది కాబట్టి అన్నమో బిస్కెట్లో నమ్ముకుంటే ఆలస్యమవుతుంది, అవి ఆ తరువాత.

“మీతో పాటు చేన్లో ఉండేవాళ్ళకు చెప్పండి. ఇన్సులిన్ వేసుకుంటానని, ఇలా అయితే తీపి తాగించమని, మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తెమ్మని” అంది చివరకు.

అన్నింటికీ తలూపాడు. ఆ చివరి మాటకు మాత్రం కిటికీ వైపు చూశాడు.

తిరుగు బస్సులో మొదలుపెట్టాను. ఆయన గొంతు తగ్గించి, “ఊరంత చాటింపు వెయ్యమంటవా?” అన్నాడు.

“ఊరెందుకు? చేన్ల ఉన్నోళ్ళకు చెప్పు చాలు.”

“వాళ్ళకు చెప్తే ఊరికి చెప్పినట్టే. మా అన్నను నువ్వు చూడలేదా?”

“చూసిన.”

“ఏ మందు ఎంత కొట్టాలెనని ఇయ్యాల అందరు నన్ను అడుగుతున్నరు. తెలిస్తే ఏమంటరు? సూదుల మీద బతికేటోడు మనకు డోసు చెప్తుండని నవ్వరా?”

ఆ మాటకు నాకు జాలి వేసింది. ఆ జాలి వల్ల కోపం ఏమాత్రం తగ్గలేదు. నవ్వితే నవ్వనీ, పరువు కోసం ఆ గెట్టు మీద ప్రాణం పోగొట్టుకుంటావా అని అడిగాను. వచ్చే కోతకు నేను సెలవు పెట్టి చేనుకు వస్తాననీ, నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాననీ అన్నాను.

అన్నట్టే వెళ్ళాను. ఆయన అందరితో ఏవేవో మాట్లాడాడు. కాయ తాలు పోతోందన్నాడు, బోరు నీళ్ళు సన్నబడ్డాయన్నాడు, ట్రాలీ ఎందుకు ఆలస్యమైందన్నాడు. నేను గెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంక తప్పదనుకున్నాడేమో, మిరప చెట్ల వైపు తిరిగి, ఆ చెట్లకే చెబుతున్నట్టు చెప్పాడు.

“నాకు షుగర్ ఉన్నది. శానా ఏండ్ల సంది సూది ఏసుకుంటున్న. ఇప్పుడు వారం వారం ఇంకో సూది గూడ. మొన్న పడ్డది మందెక్కి కాదు. మల్లెప్పుడన్న గట్లయితే జేబుల గ్లూకోజ్ ఉంటది, నీళ్ళల్ల కలిపి తాపుండ్రి.”

చేతులన్నీ ఆగిపోయాయి. సంగతి ముందే తెలిసిన మేస్త్రే మొదట నోరు తెరిచింది. “ఓరి నీ పాసుగాల! మరి ఊకెనే సబ్బు పెట్టి తోమితిమి గదన్నా!” అంది. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయనా నవ్వాడు. వాళ్ళు నవ్వింది సబ్బును చూసి, సూదిని చూసి కాదు. అది ఆయనకూ అర్థమైంది. గిన్నె తెచ్చుకుని వాళ్ళ ముందే కూర్చుని తినసాగాడు. చాలా రోజుల తరువాత నా మెడ నరాలు కాస్త సడలాయి.

అప్పుడు ఒక ముసలామె మిరప సాలులోంచి లేచింది. ముఠా అందరిలో పెద్దది ఆమే, ఎప్పుడూ పెద్దగా మాట్లాడగా వినలేదు. కాయల గంప పక్కన పెట్టి, “నేను గూడ పొద్దుగాల సూది ఏసుకునే వస్తనమ్మా. బువ్వ ఒక్కోపారి పగటీలికే, ఎండ నెత్తి మీదికొచ్చినంకనే తింట. నాక్కూడ గట్లయితే సబ్బునీళ్ళు పొయ్యకుండ్రి” అంది.

నవ్వులు ఆగిపోయాయి. నేను ఆమె వైపు ఒక అడుగు వేశాను. ఈలోగా మా ఆయన గిన్నె దించి లేచాడు. ముఖంలో నిజమైన ఆదుర్దా.

“అట్లనా అమ్మా? అయితే రేపటి సంది నువ్వు రాకు. ఎండల పడిపోతే ఎవలు జవాబు చెప్తరు?”

“అవ్, అన్న చెప్పింది నిజమే” అంది మేస్త్రి.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. “ఇప్పుడే గదయ్యా నువ్వు చెప్పింది! నీకో న్యాయం, ఆమెకో న్యాయమా?”

“నా చేన్ల నేను పడితే నా బాధ. ఆమె పడితే? నేను ఆమె మంచికే చెప్తున్న గదనే” అన్నాడు. నిజంగా మంచికే చెబుతున్నాననుకుంటున్నాడు. గొంతులో ఎక్కడా కపటం లేదు. దానికే నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆమె పొద్దున తిని రావాలి, మధ్యలో ఆపి తిననివ్వాలి, డాక్టరుకు చూపించాలి, ఇవన్నీ చెప్పబోయాను. మొదటి మాట నోట్లోంచి వచ్చేలోపే ఆమె గంప చంకకు ఎత్తుకుంది.

“నాకు షుగర్ లేదు అన్నా. ఊకె అన్న. ముసల్దాన్ని, మాట జారుతది” అని సాలులోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆమె సాలు అందరికన్నా ముందు నడిచింది. మిగతావాళ్ళు నీళ్ళకు లేచినప్పుడు కూడా లేవలేదు. నేను ఎండలో గెట్టు మీదే నిలబడి ఆమె చేతులు చూస్తున్నాను, వణుకుతాయేమోనని.